ఎదురెదురు కూర్చుని కుట్టిన బొంత

మొన్న మా ఆఫీసులో మహిళా సంఘాల వాళ్ళకు శిక్షణ జరిగింది. నేను అక్కడ కంప్యూటరు దగ్గర కూర్చునే మనిషిని. నిజామాబాదు నుంచి వచ్చిన మేడం బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, సంఘం సాగాలంటే ముందుగా ఏం కావాలని అడిగింది. ముందు వరుసలో ఉన్నవాళ్ళు అధ్యక్షురాలు కావాలన్నారు, తీర్మానం కావాలన్నారు, ఒకామె అయితే కుర్చీలు కావాలంది. మేడం ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా" అంది. నేను ప్రింటరులో కాగితం ఇరుక్కుందన్నట్టు వంగి, ఆమె ఇంకొకరి వైపు తిరిగేదాకా లేవలేదు. నిజానికి నాకు జవాబు తెలుసు. కొట్లాడుకున్న వాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. ఈ మాట అంత మందిలో అంటే నవ్వుతారని చెప్పలేదు గానీ, ఇంటికొచ్చాక డైరీలో మొదటి వాక్యంగా అదే రాసుకున్నాను. రాశాక మా తుల్జవ్వ గుర్తొచ్చింది, ఎర్ర సూదిగుడ్డ గుర్తొచ్చింది, ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ వరుస కట్టి వచ్చాయి. నా పాత డైరీలు అటక మీద ఉన్నాయి. దించి చూడలేదు. అప్పుడు రాసుకున్నది వేరు, ఇప్పుడు గుర్తున్నది వేరు. నాకు ఈ రెండోదే కావాలి.

బాన్సువాడలో మా వాడకట్టు ఆడవాళ్ళు ఎండాకాలం వస్తే బొంతలు కుట్టేవారు. యాసంగి వరి కోతలై, కాలువ నీళ్ళు ఆగిపోయి, ఊరంతా గడ్డివాసన వేసే రోజుల్లో మొదలుపెడితే తొలకరి జల్లు పడేదాకా సాగేది. దానికి పేరు లేదు. "కూటానికి పోతున్న" అంటే చాలు, బొంత కూటమని అందరికీ తెలుసు. పెత్తనం తుల్జవ్వది. ఆమె మహారాష్ట్రలోని దెగ్లూరు దిక్కు నుంచి కోడలిగా వచ్చింది. బొంతను గోధడి అనేది, ఆశ్చర్యపోతే "అగ బాయీ" అనేది, మిగిలినదంతా మా అందరి కన్నా గట్టి తెలుగే. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక ఆమె తన ఇంటి ముందు నీళ్ళు చల్లి, చాప పరిచి, ఎర్ర సూదిగుడ్డ తెచ్చి మధ్యలో పెట్టేది. కూటం మొదలైనట్టు అదే గుర్తు. అందరి సూదులూ ఆ గుడ్డకే గుచ్చి ఉండేవి. ఎవరి సూది వాళ్ళదే, కానీ ఇంటికి తీసుకుపోకూడదు. సూది తీసుకుపోయిందంటే కూటం విడిచిపోయినట్టే. వేరే రాజీనామా ఏమీ లేదు.

ఇంకా కొన్ని కట్టుబాట్లుండేవి. ఎవరి బొంత కుడుతున్నారో ఆ ఇంటామె దానిమీద చివరి ముడి తప్ప ఒక్క పోగు కూడా వేయకూడదు. ఆ రోజు ఆమె సూదుల్లో దారాలెక్కించాలి, చాయ్ పెట్టాలి, ఉడికించిన బబ్బెర గుడాలో, ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలో తెచ్చి పెట్టాలి, తన బొంత మీద ఎవరేం వెక్కిరించినా వినాలి. "నీ బొంత నువ్వే కుట్టుకుంటే అది బట్ట. పదిమంది కుడితేనే బొంత" అనేది తుల్జవ్వ. కొత్తగా చేరినామె మొదటి ఎండాకాలమంతా దారాలెక్కించాల్సిందే, బొంత అంచు దొరికేది మరుసటి ఏడే. నెలలు నిండి నీళ్ళాడబోయే మనిషి ఉన్న ఇంటికి మొదటి వంతు. ఆ చంటిపిల్ల బొంతలోకి వాడకట్టులో ప్రతి ఇంటి నుంచీ ఒక పాత చీరె రావాలి. ఇక, ఎవరైనా ఇద్దరు మాట్లాడుకోకపోతే వాళ్ళను బొంతకు చెరో కొసన ఎదురెదురుగా కూర్చోబెట్టేది. ఎందుకంటే మేము అంచుల నుంచి మధ్యకు కుట్టుకుంటూ వస్తాం. ఎంత పంతమున్నా కొన్ని మధ్యాహ్నాలకు ఇద్దరి మోకాళ్ళూ దగ్గరికి రాక తప్పదు.

మా సరితక్క తొలి కాన్పుకు ఇంటికొచ్చిన ఏడాది ఆ కూటం విరిగిపోయి ఉంది. కారణం ఒక కుట్టు మిషను. సత్యవతమ్మ అని, వర్ని దగ్గర క్యాంపులో పెరిగినామె, భర్త విత్తనాల దుకాణం పెట్టడంతో మా వాడకట్టుకు వచ్చింది. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి కాలువ కింద సేద్యానికి వచ్చినవాళ్ళు. ఆమె మాట మెత్తగా, చివర 'అండీ' తగిలించుకుని ఉండేది. ఆమె కుట్టు ఆవగింజలు పేర్చినట్టుండేది. తుల్జవ్వ కూడా పక్కకు తిరిగి ఆ మాటే ఒప్పుకునేది. అయితే కిందటి ఎండాకాలం ఒకరి బొంత ఆలస్యమవుతోందని సత్యవతమ్మ దాన్ని ఇంటికి తీసుకుపోయి, చుట్టూ అంచు మిషను మీద వేసి తెచ్చింది. తుల్జవ్వ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. బ్లేడు తీసుకుని అందరి ముందూ ఆ అంచంతా విప్పేసింది. సత్యవతమ్మ లేచి నిలబడింది. సూదిగుడ్డ నుంచి తన సూది తీసి, కొంగుకు గుచ్చుకుని వెళ్ళిపోయింది. మిషను మంచిదేనన్న సగం మందీ ఆమె పక్షాన నిలిచారు. ఈసారి ఎండలు ముదిరినా తుల్జవ్వ ముంగిట్లో చాప పడలేదు.

అక్కకు ఇదంతా వచ్చిన రోజే తెలిసింది. అక్కకూ నాకూ పోలిక లేదు. ఆమె గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది, నా గొంతు నాకే సరిగా వినిపించదు. "ఏందమ్మా, నా పిల్లకు బొంత లేదా?" అంది చెప్పులైనా విడవకుండా. అమ్మ బతిమాలుతున్నట్టు, బజారులో మంచి దుప్పట్లు వచ్చాయనీ, మెత్తగా ఉంటున్నాయనీ చెప్పింది. అక్క వినలేదు. ఆమె అత్తగారిది పెద్ద కొడప్‌గల్. పిల్లను తీసుకుపోవడానికి వాళ్ళు వచ్చిన రోజు తల్లిగారి వాడకట్టు బొంతలో చుట్టి చేతికివ్వకపోతే, "మీ అమ్మగారి దిక్కు మనుషులే లేరా" అని అత్త జీవితాంతం అంటుందని అక్క భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. తన తోడికోడలిని ఇప్పటికీ అంటున్నారట.

చీరెలు పోగుచేసే పని నా మీద పడింది. గడప గడపకూ వెళ్ళి అడగడం! ఆ వయసులో నేను పుస్తకంలో తలదూర్చుకుని, చుట్టాలొస్తే ధాన్యం బస్తాల వెనక కూర్చునేదాన్ని. మొదటి ఇంటి ముందు నేను నిలబడ్డ సేపటికి వాళ్ళ కోడి నన్ను గుంజనుకుని చుట్టూ తిరిగింది. కానీ అడగనక్కర్లేకుండానే ఇచ్చారు. నా చేతిలో సంచి చూసి "అక్కకా?" అనేవాళ్ళు, లోపలికి వెళ్ళి చీరె తెచ్చేవాళ్ళు. దవాఖానలో ఆయాగా చేసే ఎస్తేరమ్మ తన తెల్ల చర్చి చీరె ఇచ్చింది, దాని మడతల్లో డెట్టాలు వాసన ఉంది. ఒకరి చీరెలో కర్పూరం, ఒకరి చీరెలో ఎండు వేపాకు, మా అమ్మ చీరెలో పోపు. సోడా వేసి ఉడకబెట్టి ఆరేసేదాకా ఆ సంచి మూతి తెరిస్తే వాడకట్టంతా ఒక్కసారే గుప్పున వచ్చేది. తుల్జవ్వ తన పాత తొమ్మిది గజాల చీరె ఇస్తూ, "ఆమె ఇచ్చిందా?" అని అడిగింది. ఇచ్చింది. సత్యవతమ్మ మెత్తటి నేత చీర మడతపెట్టి ఇస్తూ, "చీర వస్తుందమ్మా, నేను రాను" అంది. ఆ మాట చెబితే తుల్జవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "చీరె ఒక్కటే వస్తే కుట్టేది ఎవరు, నీ చేతిల సంచినా?" అంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి సత్యవతమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఎండ నడినెత్తిన ఉంది.

"లోపలికి రామ్మా, ఎండలో ఏంటది?"

"రాను. మీరు కూటానికి వస్తరా రారా చెప్పుండ్రి. రాకుంటే నేను ఈడ్నే కూసుంట. కాన్పు అయినా ఈడ్నే."

"అయ్యయ్యో! అవేం మాటలమ్మా, తప్పు కదూ!"

"ఎస్తేరమ్మను గిక్కడికే రమ్మంట. మీ దుకాణం బోర్డు మీద పిల్ల పేరు కూడ రాపిద్దాం."

సత్యవతమ్మకు నవ్వొచ్చింది, కానీ పెదవి బిగబట్టింది. వస్తాననీ, అయితే ఆవిడతో మాత్రం మాట్లాడననీ చెప్పింది. అక్క అదే ఊపులో తుల్జవ్వ దగ్గరికి నడిచింది. "మాట్లాడుమన్నదెవ్వరు? సూది మాట్లాడుతది" అని ఆమె అప్పుడే చాప దులిపింది.

అలా ఇద్దరూ చెరో కొసన కూర్చున్నారు. సత్యవతమ్మ సూది తెచ్చుకుంది, కుట్టడం అవగానే మళ్ళీ కొంగుకే గుచ్చుకుపోయేది. ఎర్రగుడ్డ వైపు చూసేది కాదు. వచ్చిన తిప్పలేమిటంటే, చంటిపిల్ల బొంత మాట లేకుండా కుట్టడం కుదరదు. పొరలు పరిచి, కదలకుండా తాత్కాలికంగా టాకాలు వేసి, అంచు నుంచి కుట్టుకొస్తుంటే పైబట్ట కొంచెం కొంచెం వదులై ముందుకు జరుగుతుంది. ఇటు ఆమె సూది దింపేటప్పుడు అటు ఆమె బట్టను బిగించి పట్టాలి, దారం లాగేటప్పుడు వదలాలి. "పట్టు... ఇడువు... పట్టు... ఇడువు" అని కూటమంతా ఒక పాటలా సాగేది. ఇప్పుడు ఆ మాట ఎవరు అనాలి? తుల్జవ్వ చుట్టూ చూసి, తన సూదితో నన్ను చూపించింది. "గీ పిల్లను నడుమ కూసోబెట్టుండ్రి. దీని నోట్లెకెల్లి మాట పెరగది, తరగది."

వాడకట్టులో నోరు లేని పిల్లను వెతికి మరీ నోటిగా పెట్టుకున్నారు. ఇద్దరికీ నడుమ మూరెడు దూరం. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినబడుతుంది. అయినా ఇద్దరూ నా నోట మళ్ళీ వింటేనే విన్నట్టు లెక్క.

"పిల్లా, పట్టమని చెప్పు ఆమెకు."

"పట్టమంటోంది."

"అమ్మాయ్, వదలమని చెప్పు ఆవిడకి."

"వదలమంటున్నారు."

"ఆమె కుట్లు చూస్తుంటే కండ్లు గుంజుతున్నయ్, కానుగ్గింజంత సందు ఇడువుమను."

నేను తడబడి, "మీ కుట్లు చాలా సన్నగా ఉన్నాయంటోంది" అన్నాను.

"ఏయ్! నేను గట్లన్ననా? మెచ్చుకున్నట్టు చెప్తవేంది? ఉన్నదున్నట్టు చెప్పు!"

"అమ్మాయ్, నువ్వు చెప్పిందే బాగుందని చెప్పు ఆవిడకి."

చుట్టూ ఉన్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అక్క గోడకు ఆనుకుని, సూదుల్లో దారాలెక్కిస్తూ, మామిడికాయ ముక్క చప్పరిస్తూ, "మా సుజాతకు రేడియోల కొలువిప్పియ్యాలె" అనేది. నాకు చెమటలు పోసేవి. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. మూడో మధ్యాహ్నానికో ఎప్పటికో నేను బస్తాల వెనక కూర్చునే సమయమొస్తే చాప మీదికి వెళ్ళాలనిపించడం మొదలైంది.

పొరపాటు జరిగిందని ఎవరికీ తెలియలేదు. అమ్మ, అక్క దవాఖానకు వెళ్ళిన రోజున ఇద్దరి మోకాళ్ళ నడుమ జానెడు బట్ట మిగిలి ఉంది. నొప్పులు మొదలయ్యాయని ఎస్తేరమ్మ రిక్షా తెచ్చి తీసుకుపోయింది. "బొంత అయిపోవాలె!" అని అక్క రిక్షాలోంచి అరుస్తూనే ఉంది. ఆ జానెడూ కుట్టేశాక తుల్జవ్వ ఆఖరి టాకా తెంచింది. తెంచగానే బొంత నడిమధ్యన బట్ట పూరీలా పొంగి లేచింది. అరచేత్తో నొక్కితే దిగింది, తీస్తే మళ్ళీ లేచింది. ఎందుకో అందరికన్నా ముందు నాకే తెలిసింది. "పట్టు" అన్న మాట తుల్జవ్వ నోటి నుంచి నా చెవికి, నా నోటి నుంచి సత్యవతమ్మ చెవికి చేరేలోపు కుట్టు దిగిపోయేది. "పట్టు"కు ఆమె వదిలేది, "వదులు"కు ఈమె పట్టేది. ఇన్ని మధ్యాహ్నాల వదులంతా ఇద్దరూ ఒకరి వైపుకొకరు తోసుకొచ్చారు. చంటిపిల్లను దాని మీద పడుకోబెడితే వీపు కింద గడ్డలా ఉంటుంది.

తుల్జవ్వ ముఖం చిన్నబోయింది. నెమ్మదిగా బ్లేడు తీసింది. "ఇప్పాలె. మొదటికెల్లి ఇప్పాలెనని చెప్పు ఆమెకు."

సత్యవతమ్మ చెయ్యి కొంగు మీద ఆగిపోయింది. విప్పడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. విప్పితే మళ్ళీ కుట్టేలోపు పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. అక్క అత్తగారూ వచ్చేస్తారు. ఇంకొకసారి ఈ ఇద్దరినీ ఈ చాప మీద కూర్చోబెట్టగల మనిషి దవాఖానలో నొప్పులు పడుతోంది. 

"చెప్పవేం పిల్లా?"

"ఏమందమ్మా ఆవిడ?"

ఇద్దరూ విన్నారు, ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు.  "నేను చెప్ప" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, అక్క గొంతులా వినిపించింది. "ఇన్ని రోజులు చెప్పిన. నేను చెప్తనే ఉంటే గిట్ల పొంగింది. మీరే చెప్పుకోండ్రి!"

 తుల్జవ్వ "అగ బాయీ" అంది, అది నా గురించో బొంత గురించో తెలియలేదు. సత్యవతమ్మ తల దించుకుని, ఏం చేస్తున్నదో ఆమెకే తెలియనట్టు, ఆ పొంగును వేళ్ళతో మడతలు పెట్టసాగింది. చీర కుచ్చిళ్ళు పెట్టుకునే వేళ్ళకు బట్ట తగిలితే ఊరుకోవడం తెలియదు కదా. ఒక మడత, దాని పక్కన ఇంకొకటి, గుండ్రంగా, పూరేకుల్లా. మడతలు చేతినిండా అయ్యి జారిపోబోయాయి. తుల్జవ్వ చెయ్యి చటుక్కున వచ్చి అటువైపు నొక్కింది.

"పట్టు" అంది. నన్ను చూసి కాదు.

"పట్టానండీ."

"ఇగ ఇడువు. జర ఇడువు. గట్లనే ఉండనియ్యి, నేను కుడుత."

"అక్కడ కాదండీ, ఇంకాస్త లోపలికి దింపండి. లేకపోతే పిల్లకు గుచ్చుకుంటుంది."

"నాకు చెప్తున్నవా? ఐదుగురిని కన్న!"

"కన్నారు గానీ, ఈ పువ్వు కుట్టలేదుగా మీరు!"

ఇద్దరి తలలూ తగులుకునేంత దగ్గరగా వంగి, తిట్టుకుంటూ కుట్టారు. పొంగంతా అణిగి, బొంత నడుమ పరుచుకున్న పువ్వులా తయారైంది. అరచేత్తో రాస్తే మెత్తగా, చదునుగా ఉంది. చివరి ముడి ఇంటామె వేయాలి, మా ఇంటి తరఫున నాతో వేయించారు. ఎస్తేరమ్మ దవాఖాన నుంచి వచ్చి ఆడపిల్ల అని చెప్పేసరికి అక్కడ చాయ్ తాగుతున్నారు. సత్యవతమ్మ లేచి వెళ్ళాక చూస్తే, ఆమె సూది ఎర్రగుడ్డకు గుచ్చి ఉంది.  తుల్జవ్వ గుడ్డ మడిచేటప్పుడు ఆ సూదిని లోపలి వైపు మడతలోకి జరిపింది.

పెద్ద కొడప్‌గల్ నుంచి వచ్చిన అక్క అత్తగారు మనవరాలి కన్నా ముందు బొంతను తిరగేసి చూసింది. పువ్వు మీద వేలు పెట్టి, "ఇదేంది, మా దిక్కు గిట్ల కుట్టరే?" అంది. అక్క నా తొడ గిల్లింది. తుల్జవ్వ రెప్పవేయకుండా, "అది అందరికి రాదు. మా వాడకట్టోళ్ళకే వస్తది" అంది. "చాలా రోజులు పడుతుందండీ" అని సత్యవతమ్మ పక్క నుంచి అందుకుంది. మిషను గొడవ కూడా ఆ వారంలోనే తేలిపోయింది. చంటిపిల్లల బొంతలు చేత్తోనే, పెద్దవాళ్ళ బొంతలకు అంచు మిషను మీద. తీర్మానం ఎవరూ రాయలేదు. తుల్జవ్వ ఒక రోజు తన పెద్ద బొంతను సత్యవతమ్మ ఇంటి మిషను మీద పెట్టి వచ్చింది, అంతే.

ఇప్పుడు మా వీధిలో ఇళ్ళకు గేట్లొచ్చాయి. షోలాపూర్ దుప్పట్లు, బొమ్మలున్న మెత్తటి కంబళ్ళు అన్ని దుకాణాల్లో దొరుకుతున్నాయి. అవి బాగుండవని అనను, చలికాలం నేనూ ఒకటి కప్పుకుంటాను. ఆ రోజుల్లో ఆడవాళ్ళ చూపుడు వేళ్ళు జల్లెడలయ్యేవి, కళ్ళు నీళ్ళు కారేవి, అదీ నాకు గుర్తుంది. నాకిప్పుడు సొంత గది ఉంది, దానికి తలుపుంది, బస్తాల వెనక దాక్కోవాల్సిన అవసరం లేదు. ఆఫీసులో నా మౌనాన్ని అందరూ ఎంతో మర్యాదగా చూస్తారు. కానీ నన్ను వేలు పెట్టి చూపించి, 'దీన్ని నడుమ కూసోబెట్టుండ్రి' అనేవాళ్ళు లేరు. మేడం గీసిన గుండ్రంలో అందరూ అంచుల మీదే ఉన్నారు. మధ్యకు కుట్టుకుంటూ ఎలా రావాలో ఆ బోర్డు మీద లేదు.

మరుసటి ఎండాకాలం ఎస్తేరమ్మ కోడలికి నెలలు నిండాయి. మొదటి వంతు వాళ్ళదే. సరితక్క పిల్ల బొంతకున్నట్టే పువ్వు కావాలని ఆ కోడలు పట్టుపట్టింది. కూటమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పువ్వు రావాలంటే ముందు పొంగు రావాలి, పొంగు రావాలంటే ఇద్దరు మాట్లాడుకోకూడదు. "ఏముంది, మాట్లాడుకోం" అని తుల్జవ్వ ఒక కొసన కూర్చుంది. సత్యవతమ్మ నవ్వు ఆపుకుంటూ రెండో కొసన కూర్చుంది. నన్ను పిలిచి నడుమ కూర్చోబెట్టారు. ఇద్దరూ ముఖాలు గంభీరంగా పెట్టుకున్నారు.

"పిల్లా, పట్టమని చెప్పు ఆమెకు."

నేను గొంతు సవరించుకుని నోరు తెరిచాను. నేను మాట అనేలోపే సత్యవతమ్మ, "పట్టానండీ, కుట్టండి" అనేసింది. అందరూ గొల్లున నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తుల్జవ్వే ఆగలేక కోడళ్ళ సంగతేదో నేరుగా ఆమెనే అడిగింది. ఆ ఎండాకాలం ఎన్ని మధ్యాహ్నాలు ప్రయత్నించారో! చివరికి టాకాలు తెంచి చూస్తే, ఆ బొంత నీళ్ళు కట్టడానికి చదును చేసిన వరి మడిలా ఉంది. ఎక్కడా పొంగు లేదు.